మార్కుల కాగితం జనం ముందు పెట్టండి

కొల్లాపూర్ పట్టణంలో, చుట్టుపక్కల పల్లెల్లో పోటీలు పెట్టే యువజన సంఘాలకు, బడుల పెద్దలకు, బహుమతుల దాతలకు విన్నపం.

సంక్రాంతికి ముగ్గులు, జాతరకు కోలాటం, చెక్కభజన, ఆగస్టు 15కు పిల్లల డాన్సులు. బహుమతి చదవగానే గొడవ. ఎద్దుల బండలాగుడుకు ఈ బాధ తక్కువ, ఎందుకంటే గడువు తీరగానే అందరి ముందే టేపు పట్టి దూరం కొలుస్తారు. కోలాటానికి టేపు ఎక్కడిది అంటారు. అట్లాంటి ఆటకే కొలత కట్టుకున్నవాళ్లున్నారు.

రేడియోతో నడిపే చిన్న విమానాల విన్యాసాల పోటీ అది. తొలి ప్రపంచ పోటీ 1960లో స్విట్జర్లాండ్‌లో జరిగింది, అమెరికా పైలట్ ఎడ్ కజ్మిర్‌స్కీ గెలిచాడు. ఇప్పటి నియమాల్లో విమానం పొడవు రెండు మీటర్లు, రెక్కల వెడల్పు రెండు మీటర్లు, బరువు ఐదు కిలోలు దాటకూడదు. దాదాపు 150 మీటర్ల దూరంలో అది పల్టీలు కొడుతుంటే, క్షణాల్లో అయిపోయేదానికి మార్కులు వేయాలి.

ప్రతి విన్యాసం పది మార్కులతో మొదలవుతుంది, తప్పును బట్టి కోత పడుతుంది. దారి సుమారు 15 డిగ్రీలు తప్పితే ఒక మార్కు పోతుంది. గాలి కొట్టిందంటే ఒప్పుకోరు. గాలిని తట్టుకుని దారి నిలపడమే పైలట్ పని. కష్టమైన విన్యాసానికి గుణకం ఎక్కువ. ఇదంతా విమానం లేవకముందే నియమావళిలో అచ్చయి ఉంటుంది. న్యాయనిర్ణేతలు వేర్వేరు దేశాలవాళ్లు, ఎవరి కాగితం వారిదే. పోటీకి ముందు లెక్కలోకి రాని విమానం ఒకటి ఎగరేయించి వాళ్ల కంటికి సాధన చేయిస్తారు కూడా.

నాకు బాగా నచ్చిన నియమం ఇంకొకటుంది. ఎండ కంట్లో పడో, మరెందుకో విన్యాసం కనబడకపోతే, న్యాయనిర్ణేత ‘చూడలేదు’ అనే రాయాలి. ఆ గడిలో మిగతావారి సగటు వేస్తారు. ఊహించి వేయకూడదు.

మన దగ్గర ముఖ్య అతిథే న్యాయనిర్ణేత. ఒక పోటీలో ఆయన కారు దిగేసరికి కొన్ని జట్లు ఆడి, గజ్జెలు కూడా విప్పేశాయి. అయినా ఆ జట్లకూ ఆయన కాగితంలో మార్కులున్నాయి! ఆయన్ను తప్పు పట్టను. ‘చూడలేదు’ అని రాయడానికి మనం గడి పెట్టలేదు.

పెద్ద పోటీల్లోనూ పక్షపాతం ఉంటుంది. 2002 సాల్ట్ లేక్ ఒలింపిక్స్‌లో జంటల స్కేటింగ్ మార్కులపై రచ్చ రేగి, కెనడా జంటకు కూడా బంగారు పతకం ఇవ్వాల్సి వచ్చింది. తరువాత ఆ ఆటలో మార్కుల పద్ధతే మార్చేశారు. మనం మాత్రం ఏటా గొడవపడి, ఏటా అదే కాగితం పంచుతున్నాం.

అడిగేది పెద్దదేమీ కాదు. కోలాటంలో అడుగు తప్పితే ఎంత, కర్ర జారితే ఎంత, ముగ్గులో చుక్క తప్పితే ఎంత కోతో పేర్లు రాయించుకునే రోజే చెప్పండి. ఐదుగురిని కూర్చోబెట్టి, అందరికన్నా ఎక్కువ వేసినవాడి మార్కు, తక్కువ వేసినవాడి మార్కు తీసేయండి. విమానాల ప్రపంచ పోటీల్లో న్యాయనిర్ణేతల తేడాలు సరిచేయడానికి పెద్ద గణితమే ఉంది, మనకు ఈ తీసివేత చాలు. పోటీలో ఉన్న పిల్లల గురువును, మేనమామను ఆ కుర్చీలో కూర్చోబెట్టకండి. ముఖ్య అతిథికి శాలువా కప్పి, బహుమతులు ఇప్పించండి. బహుమతులు చదవకముందే ఐదు కాగితాలూ పందిరి గుంజకు అంటించండి.

పేరుతో సహా మార్కులు బయటపెడితే న్యాయనిర్ణేతలు దొరకరంటారు. కొందరు రారు, నిజమే. తన మార్కుకు కారణం చెప్పలేనివారు రాకపోతే పోటీకి నష్టం లేదు. జవాబు చెప్పగల పాత కోలాటం గురువులు, ముగ్గులేసే పెద్దమ్మలు మన వీధుల్లోనే ఉన్నారు, వాళ్లను పిలవండి.

వచ్చే సంక్రాంతి ముగ్గులతోనే మొదలుపెట్టండి. ‘చూడలేదు’ గడితో సహా ఖాళీ మార్కుల కాగితం ఈ కరపత్రం వెనుక అచ్చు వేయించాం, జిరాక్సు తీసుకుని వాడుకోండి.

ఇట్లు,
పిల్లల్ని పోటీలకు పంపే కొల్లాపూర్ తల్లిదండ్రులు