కందికి గుర్తింపు, కూలితల్లికి కిట్టు

2022 డిసెంబరులో మా ప్రాంతానికి రెండు వార్తలు వచ్చాయి. తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు దక్కింది. అదే నెల 21న రాష్ట్ర ప్రభుత్వం గర్భిణులకు న్యూట్రిషన్ కిట్ల పంపిణీ ప్రారంభించింది. రక్తహీనత తీవ్రంగా ఉన్నదని అందుకు ఎంపిక చేసిన తొమ్మిది జిల్లాల్లో వికారాబాద్ ఒకటి. మాంసకృత్తులకు పేరుపడ్డ పప్పు పండే నేలలో, ఆ చేలు కోసే తల్లుల ఒంట్లో రక్తం లేదని ప్రభుత్వమే ఒప్పుకున్నది. ఈ రెండు వార్తలనూ కలిపి చదివినవారు తక్కువ.

పెద్దేముల్ మండలంలో కంది కోతలకూ, తాండూరు నాపరాతి పనులకూ వెళ్లే ఆడవాళ్లెవరో ఇక్కడ ఎవరినడిగినా చెబుతారు: మాదిగవాడల వారు, లంబాడా తండాల వారు, భూమిలేని బీసీలు. మా పెద్దమ్మ కూతురు ఎనిమిదో నెల దాకా కొడవలి వదలలేదు. కోతల రోజులు దాటితే మళ్లీ ఏడాది దాకా అంత పని దొరకదు. "రెస్టు తీసుకొమ్మని రాసిచ్చిన్రు తమ్మీ, కూలెవరిస్తరు?" అన్నది.

జవాబు చట్టంలో లేదు. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం 2017 సవరణతో 26 వారాల వేతన సెలవు ఇచ్చింది. 2020 సామాజిక భద్రతా కోడ్ కూడా దాన్నే కొనసాగించింది. కానీ కాన్పుకు ముందు పన్నెండు నెలల్లో ఒకే సంస్థలో కనీసం 80 రోజులు పనిచేసి ఉండాలి. రోజుకో రైతు చేను కోసే మనిషికి సంస్థ ఏది? హాజరుపట్టీ ఏది? చట్టంలో కులం మాట ఎక్కడా లేదు. అయినా హాజరుపట్టీలో పేరుండేవారెవరో, లేనివారెవరో భూమీ చదువూ ముందే తేల్చాయి. ఆ గీత ఊరికీ వాడకూ మధ్యనే సాగుతుంది.

1928లో బొంబాయి శాసనమండలిలో మిల్లు కార్మికురాళ్ల ప్రసూతి బిల్లును సమర్థిస్తూ అంబేడ్కర్, కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దేశ ప్రయోజనమని వాదించారు. ఆ భారంలో ఎక్కువ భాగం ప్రభుత్వానిదే కావాలన్నారు. మరుసటి ఏడాది బిల్లు చట్టమైంది. దాదాపు వందేళ్లయినా ఆ వాదన మిల్లు గేటు దాటి చేలోకి రాలేదు.

2013 ఆహార భద్రతా చట్టం కొంత ప్రయత్నించింది. సర్కారు ఉద్యోగులు మినహా ప్రతి గర్భిణికీ కనీసం 6,000 రూపాయలన్నది. కేంద్ర పథకం ఆ 'ప్రతి'ని మొదటి కాన్పుకు కుదించి 5,000 చేసింది. రెండో బిడ్డ ఆడపిల్లయితేనే మళ్లీ సాయం. తెలంగాణ 2017 జూన్‌లో కిట్టుతో పాటు 12,000, ఆడపిల్ల పుడితే 13,000 ఇస్తామన్నది. మేలు జరగలేదనను. సర్కారు దవాఖానాల్లో కాన్పులు పెరిగాయి. కానీ అదీ ఇద్దరు పిల్లల వరకే. మూడో కాన్పు నాటికి రక్తం మరింత తగ్గే తల్లినే పథకం వదిలేసింది. పైగా జీవోతో వచ్చింది జీవోతోనే పోవచ్చు.

అందుకే రాష్ట్ర శాసనసభ చట్టం చేయాలి. రాజ్యాంగం ఉమ్మడి జాబితా 24వ అంశంలో ప్రసూతి ప్రయోజనాల ప్రస్తావన నేరుగానే ఉంది. చివరి మూడు నెలలూ, కాన్పు తర్వాత మూడు నెలలూ వ్యవసాయ కనీస వేతనం నెలనెలా ఖాతాలో పడాలి, ఎన్నో కాన్పని అడగకుండా. రుజువుకు యజమాని సంతకం కాదు, అంగన్‌వాడీ నమోదు చాలు. 2017 ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఉండనే ఉంది. రోడ్లకూ భవనాలకూ లెక్కగట్టే ఆ నిధికి ఇంతకన్నా సూటి ఖర్చు నాకు కనిపించదు.

మా అక్క కూతురికిప్పుడు ఆరో నెల. కోతలు దగ్గరపడుతున్నాయి. ఆమె పేరు అంగన్‌వాడీ రిజిస్టరులో ఉంది, ఏ హాజరుపట్టీలోనూ లేదు.