దుకాణానికో చరిత్ర... రాసిపెట్టినవారేరీ?

'బంగ్లార్ రొసొగొల్లా'కు 2017 నవంబరు 14న భౌగోళిక గుర్తింపు లభించగానే ఒడిశాపై పశ్చిమ బెంగాల్ గెలిచిందన్న ప్రచారం సాగింది. రెండేళ్లు తిరక్కుండానే, 2019 జూలైలో, 'ఒడిశా రసగోలా'కు కూడా అదే గుర్తింపు దక్కింది. మిఠాయి కోసం రెండు రాష్ట్రాలు తగవులాడుకోవటాన్ని దేశమంతా వినోదంగా తిలకించింది. నిజానికి ఆ రెండు గుర్తింపులలో ఏదీ రసగుల్లాను మొదట ఎవరు చేశారన్న ప్రశ్నకు తీర్పు కాదు. తెల్లగా, స్పాంజిలా ఉండే బెంగాలీ రకం వేరు, కాస్త ఎర్రబారి మెత్తగా ఉండే ఒడిశా రకం వేరు అని మాత్రమే వాటి సారాంశం. అయినా ఆ వివాదంలో చిన్న వ్యాపారులు శ్రద్ధగా గమనించవలసిన అంశం ఒకటున్నది. ఇటువంటి గుర్తింపు కోరేవారు తమ సరుకు పుట్టుపూర్వోత్తరాలకు ఆధారాలు చూపవలసి ఉంటుంది. 'మా తాతల నాటి నుంచి చేస్తున్నాం' అన్న మాట ఒక్కటే అక్కడ చాలదు.

కోల్‌కతాలో ఇటువంటి తాతల నాటి దుకాణాలకు కొదవ లేదు. వాటిలో బాగ్‌బజారుకు చెందిన నవీన్ చంద్ర దాస్ ఉదంతం మిక్కిలి ప్రసిద్ధం. 1868లో ఆయన రసగుల్లాను తయారుచేశారని బెంగాలీలు చెప్పుకుంటారు. ఒకనాడు ఒక సంపన్న వర్తకుని బండి ఆ దుకాణం ముందు ఆగిందనీ, దాహమన్న పిల్లవానికి నీటితో పాటు రసగుల్లా కూడా ఇచ్చారనీ, రుచి చూసిన వర్తకుడు వెంటనే పెద్ద మొత్తంలో కొన్నాడనీ ఒక కథ ప్రచారంలో ఉన్నది. కథ ముచ్చటగానే ఉన్నది. కాని ఇంచుమించు ఇటువంటి కథ ఏ ఊరి మిఠాయి కొట్టుకైనా అతుకుతుంది.

నవీన్ చంద్రకు మాత్రమే చెందిన విశేషం వేరొకటి ఉన్నది. పాలు విరగ్గొట్టి తీసిన ఛెనా ఉండలను మరిగే పాకంలో వేస్తే విచ్చిపోతాయి. అవి విచ్చిపోకుండా, లోపలి దాకా పాకం పీల్చుకుని, స్పాంజిలా ఉబ్బేటట్లు చేయటం ఎలా అన్నదే ఆయన ఎదుర్కొన్న చిక్కు. దానిని విప్పటమే ఆ దుకాణం అసలు చరిత్ర. అంతకు ముందే ఇతరులు రసగుల్లా వంటిది చేశారని వాదించేవారు బెంగాల్‌లోనే ఉన్నారు. 'సృష్టికర్త' అన్న బిరుదు కన్నా 'స్పాంజి రసగుల్లాను కుదిర్చినవాడు' అన్న చిన్న మాటే గట్టిగా నిలబడుతుంది. ఆయన కుమారుడు కృష్ణచంద్ర 1930లో తన కొడుకు శారదాచరణ్‌తో కలిసి కె.సి. దాస్ దుకాణాన్ని తెరిచి, రసగుల్లాను డబ్బాలలో నిల్వచేసి అమ్మటం మొదలుపెట్టారు. నిలవ ఉండని సరుకును దూరప్రాంతాలకు పంపగలగటం, వర్తకుని బండి ఆగటం కంటే పెద్ద సంగతి. 2018లో నవీన్ చంద్ర జీవితంపై బెంగాలీలో చలనచిత్రం కూడా వచ్చింది. అటువంటి అదృష్టం ఎన్ని కొట్లకు పడుతుంది?

చరిత్ర ఘనంగా ఉంటే వ్యాపారం దానంతటదే సాగుతుందనుకోవటం కూడా పొరపాటే. సులేఖ సిరా సంగతి ఇందుకు నిదర్శనం. విదేశీ సిరాకు బదులు స్వదేశీ సిరా కావాలన్న గాంధీజీ కోరిక నుంచి పుట్టిన సంస్థ అది. 1934లో రాజ్‌షాహీలో మైత్ర సోదరులు దానిని నెలకొల్పారు. తరువాత అది కలకత్తా చేరింది. జాదవ్‌పూర్‌లో ఫ్యాక్టరీ ఉన్న కూడలికి సులేఖ పేరే స్థిరపడిపోయింది. ఇంతటి చరిత్ర కూడా 1980వ దశకం చివర ఆ ఫ్యాక్టరీ మూతపడకుండా ఆపలేకపోయింది. 2006లో సంస్థ తిరిగి తెరుచుకున్నది. 2020లో 'స్వాధీన్', 'స్వరాజ్' వంటి పేర్లతో సిరా సీసాలు మళ్లీ విడుదలైనప్పుడు, బాల్‌పెన్నులతో పెరిగిన తరం కూడా వాటిని వెతికి కొనుక్కున్నది. ఆ పేర్లు ఏ ప్రచార సంస్థో ఊహించి పెట్టినవైతే ఒక్క పండుగకు మించి నిలిచేవి కావు. మూతపడిన కాలంలో కూడా ఊరు ఆ కూడలిని సులేఖ అనే పిలిచింది. ఇంతకు మించిన సాక్ష్యం ఏముంటుంది?

తెలుగువారికి ఈ విద్య కొత్త కాదు. 1893లో బొంబాయిలో అమృతాంజనం ప్రారంభించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు సంగీత సభలలో ఆ మందును ఉచితంగా పంచిపెట్టారు. తలనొప్పి తగ్గినవారే ఆయన తరఫున ప్రచారం చేశారు. ఆ మందుపై వచ్చిన రాబడే తరువాత ఆంధ్రపత్రికకు అండ అయినది. ఇంత సూటిగా చెప్పగల కథ ఉన్నప్పుడు వేరే అలంకారాలతో పని ఏమున్నది?

ఈనాడు వస్తున్న ప్రకటనలు చూస్తే దిగులు కలుగుతుంది. స్వచ్ఛత, సంప్రదాయం, అమ్మమ్మ చేతి వంట! పచ్చళ్ల వారివీ ఇవే మాటలు, చీరెల వారివీ ఇవే మాటలు. కొట్టు పేరు మార్చినా ప్రకటన మార్చనక్కరలేదు. వ్యాపారి తన పాత చిఠ్ఠా పుస్తకాలు తిరగేసినా, పాతికేళ్లుగా పనిచేస్తున్న పనివానిని కూర్చోబెట్టి అడిగినా వేరే సంగతులు బయటపడతాయి. ఏ ఏడు సరుకు చెడిపోయింది, అప్పుడు ఏమి మార్చారు, పోటీదారులు చేసి తాము చేయనన్నది ఏమిటి అన్నవే చెప్పుకోదగిన విషయాలు. తెలిసిన మనిషి పోతే వాటితోపాటే పోతాయి.

గోదావరి తీరంలోని ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బోర్లించిన కుండను కింద మంటతో కాచి, పల్చని బియ్యప్పిండిలో ముంచిన గుడ్డను దానిపై ఒక్కసారి పరిచి తీస్తే వచ్చే రేకు అది. ఆ ఒడుపు మహిళల చేతిలో ఉన్నది. గుర్తింపు ఊరంతటిదీ అయినా, దానిని అధికారికంగా వాడుకోదలచిన ప్రతి ఉత్పత్తిదారూ చట్టం ప్రకారం తన పేరు విడిగా నమోదు చేయించుకోవాలి. ఇందుకు చెల్లించవలసిన రుసుమును 2020లో కేంద్రం 500 రూపాయల నుంచి 10 రూపాయలకు తగ్గించింది. కుండ దగ్గర కూర్చున్న మహిళల పేర్లు ఆ జాబితాలో ఎన్ని చేరతాయో చూడాలి.