ఫ్లాష్ వద్దు

వాలీబాల్ 1895లో అమెరికాలోని హోల్యోక్ వై.ఎం.సి.ఎ.లో విలియం మోర్గాన్ రూపొందించిన ఇండోర్ ఆట. హాలులో ఆ ఆటను ఫోటో తీయబోతే మొదటి చిక్కు వెలుతురే. మన కంటికి చాలిన వెలుతురు కెమెరాకు చాలదు.

అయినా ఫ్లాష్ వేయవద్దు. పురుషుల ఆటలో నెట్ ఎత్తు 2.43 మీటర్లు. దానిపైకి ఎగిరిన కుర్రవాని కళ్లలో ఆ మెరుపు పడితే బంతి కనబడదు, దిగేటప్పుడు కాలు మెలికపడవచ్చు. మన ఫోటోకంటే అతని కాలు విలువైనది.

లెన్సును పూర్తిగా తెరవండి. ఐఎస్ఓ 3200 వరకు పెంచండి. షట్టరు సెకనులో 500వ వంతుకు తగ్గకుండా వేగంగా ఉండాలి. ఫోటో కొంచెం గరుకుగా వచ్చినా ఫరవాలేదు.

బంతి వెంట కెమెరా తిప్పకండి. బంతిని లేపి ఇచ్చే సెట్టరు చేతులను గమనిస్తే తరువాత ఎగిరేది ఎవరో తెలుస్తుంది. కొట్టినవానిని అందరూ ఫోటో తీస్తారు. లేపి ఇచ్చినవానికి ఒక్కటైనా తీసి ఇవ్వండి.