వడ్డించడం వచ్చు, పంక్తిలో కూర్చోవడం వచ్చా?

గోదావరికి ఈవల కాళేశ్వరం, ఆవల సిరోంచ. మధ్యలో వంతెన ఉంది. మిరపకాయలు ఏరడానికి కూలీలు అటునుంచి ఇటు వస్తారు. పెళ్లి సంబంధాలు రెండు గట్ల మధ్యా నడుస్తాయి. మన సంఘాలు కూడా వంతెన దాటుతాయి, డిసెంబరులో. వ్యాన్లలో దుప్పట్లు, కేకులు తీసుకెళ్లి, పంచి, ఫోటోలు దిగి, చీకటి పడకముందే తిరిగొస్తాం. ఆదివారం దాన్ని ‘సహవాసం’ అని సాక్ష్యం చెబుతాం. ఆ మాటకు అంత చిన్న అర్థం పెట్టే అధికారం మనకు ఎవరిచ్చారు?

దుప్పటి ఇవ్వడం తప్పు కాదు, చలికి వణికేవారికి అది కావాలి. కానీ దుప్పటి అందుకున్న మనిషి పేరేమిటో, ఇంట్లో ఏ భాష మాట్లాడతాడో, పొలం ఉందో పోయిందో మనకు తెలియదు. సుఖారు బావి దగ్గర ప్రభువు ఆ సమరయ స్త్రీని ముందుగా నీళ్లు అడిగాడు. ఎవరి పాత్ర ముట్టకూడదని లోకం చెప్పిందో ఆమె దగ్గరే దాహం చెప్పుకున్నాడు. ఇచ్చేవాళ్లం మాత్రమే అయినంత కాలం మనం దాతలం. వాళ్ల చేతి అంబలి అడిగి తాగిన రోజున సహోదరులం అవుతాం.

భాష ఒకటే కదా, అదే కలుపుతుందని కొందరి ధీమా. 1860లో నిజాం గోదావరి ఎడమ గట్టు తాలూకాలను బ్రిటిష్ వారికి అప్పగించాడు. సిరోంచ 1874లో చాందా జిల్లాలో, 1960లో మహారాష్ట్రలో, 1982లో కొత్త గడ్చిరోలి జిల్లాలో చేరింది. ఎన్ని గీతలు మారినా అక్కడ ఎన్నో ఇళ్లలో తెలుగు నిలిచింది. మరి ఆ తెలుగు మనల్ని ఎంత దగ్గర చేసింది? 2016 ఆగస్టులో రెండు రాష్ట్రాలు ఒప్పందం చేసుకున్నాయి. 2019 జూన్ 21న 85 గేట్ల మేడిగడ్డ బ్యారేజీ ప్రారంభమైంది. ఇటు నీళ్లొస్తాయన్న సంబరం, అటు సిరోంచ తాలూకా రైతుల పొలాల్లోకి బ్యారేజీ వెనుక నీరు. పరిహారం కోసం వాళ్లు ఏళ్లకేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగారు, నిరసనలకు కూర్చున్నారు. 2023 అక్టోబరు 21న పిల్లర్లు కుంగినప్పుడు ఇటు అందరూ ప్రజాధనం గురించి మాట్లాడారు. మునిగిన ఆ పొలాల కోసం మన సంఘాల్లో ఎన్నిచోట్ల కనీసం ప్రార్థన జరిగింది? ఒకే నది, ఒకే భాష, ఒకే ప్రభువు అయినా వాళ్ల నష్టం మన నష్టం కాలేదు.

యెరూషలేము సంఘంలోనూ ఈ సమస్య వచ్చింది. గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు అనుదిన పంపకంలో అన్యాయం జరిగిందని సణుగు పుట్టింది. అపొస్తలులు ఇంకో సంచి ధాన్యం పంపి ఊరుకోలేదు. పంపకం బాధ్యతనే ఏడుగురి చేతికి అప్పగించారు. ఆ ఏడుగురివీ గ్రీకు పేర్లే. ఫిర్యాదు చేసినవారి వైపుకే గంటె వెళ్లింది. మన సంఘ కమిటీల్లో మాడియా, గోండు విశ్వాసులు ఎందరు? కోశాధికారిగా ఎవరైనా ఉన్నారా? పాట పాడమని వాళ్లను వేదిక ఎక్కిస్తాం, లెక్కల పుస్తకం మాత్రం మన బీరువాలోనే ఉంచుకుంటాం.

మన మధ్య ఉన్న గోడను కూడా చూద్దాం. ఫలానా మిషను ఫలానా కులానిది అని చెప్పుకునే చరిత్ర తెలుగు సంఘానిది. ప్రభు బల్ల దగ్గర అందరం ఒకటే. పెళ్లి మాట రాగానే మాల ఎవరు, మాదిగ ఎవరు, ‘పెద్ద కులం నుంచి వచ్చిన విశ్వాసి’ ఎవరు అనే ఆరా మొదలవుతుంది. అంతియొకయలో భోజనం దగ్గర వెనక్కి జరిగినందుకు పేతురునే పౌలు అందరి ముందు నిలదీశాడు. పేతురుకు లేని మినహాయింపు మనకు ఉంటుందా?

గడ్చిరోలి అనగానే మనకు తుపాకులు గుర్తొస్తాయి. 2011 లెక్కల ప్రకారం ఆ జిల్లా జనాభా 10.7 లక్షలు, అందులో 38 శాతానికి పైగా ఆదివాసులు. అదే జిల్లాలో మెండా-లేఖా అనే గోండు గ్రామం ఉంది. అటవీ హక్కుల చట్టం కింద 2009లోనే సామూహిక హక్కు సాధించుకుని, 2011లో తమ వెదురును తామే అమ్ముకునే దారి తెచ్చుకుంది. అక్కడ గ్రామసభలో నిర్ణయాలకు ఓట్లు వేయరు, అందరూ ఒప్పుకునేదాకా మాట్లాడుకుంటారు. ఇటు మన సంఘ ఎన్నికల్లో ప్యానెళ్లు, కోర్టు కేసులు, చివరికి చర్చి గేటుకు తాళం. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకోవాలి?

“పాస్టరు గారూ, అలా కలిసి తిరిగితే మతమార్పిడి అంటారు” అని భయపడేవారున్నారు. ఆ భయం ఉత్తది కాదు, అభాండాలు వస్తున్నాయి. అందుకే మన స్నేహంలో బేరం ఉండకూడదు. బాప్తిస్మం తీసుకుంటేనే పలకరిస్తాం అన్నది వ్యాపారం. మనల్ని ఎవరైనా అడిగితే మన నిరీక్షణ గురించి సిగ్గుపడకుండా చెబుదాం. అడగకపోయినా వాళ్ల పొలం కాగితాల కోసం తహసీల్ ఆఫీసుకు తోడు వెళ్దాం. గెలిచినా ఓడినా మళ్లీ వాళ్ల గుమ్మంలోకి వెళ్దాం.

1956 అక్టోబరు 16న అంబేడ్కర్ చంద్రపూర్‌లో ధమ్మదీక్ష ఇచ్చారు. అప్పుడు సిరోంచ ఆ జిల్లాలోదే. బౌద్ధ దళితులకు 1990లో ఎస్సీ హోదా దక్కింది, క్రైస్తవ దళితులకు నేటికీ లేదు. ఆ బౌద్ధ కుటుంబాలు మనకు ఇరుగుపొరుగే. వాళ్లు ఎలా పోరాడారో ఒక సాయంత్రం కూర్చుని అడిగామా?

యువతీ యువకులారా, ఈ డిసెంబరులో వ్యాను ఎక్కేముందు మీ పెద్దలను మూడు అడగండి. రాత్రి అక్కడే ఉండి వాళ్ల ఇంట్లో తింటామా? గోండీలో పది మాటలు నేర్చుకుని వెళ్తామా? వచ్చే ఏడాది ఏం చేయాలో నిర్ణయించే కమిటీలో వాళ్లను కూర్చోబెడతామా? మూడింటికీ ‘లేదు’ అని జవాబు వస్తే దుప్పట్లు పంపండి, కానీ దాన్ని సహవాసం అని మాత్రం పిలవకండి.