వేళ్లు ఆడాల్సిన ఆట

ఫ్రెంచి చిత్రకారుడు రెన్వార్‌కు యాభై దాటాక కీళ్లవాతం పట్టుకుంది. వేళ్లు కొంకర్లు పోయి, చివరికి చక్రాల కుర్చీకి పరిమితమైనా 1919లో పోయేదాకా బొమ్మలు వేస్తూనే ఉన్నాడు. కుంచెను చేతికి కట్టించుకుని వేసేవాడన్నది జనంలో తిరిగే కథ. నిజానికి ఆ కట్టు అరచేతి చర్మం ఒరిసిపోకుండా కట్టిందే. కుంచెను ఎవరైనా వేళ్ల మధ్య పెడితే పట్టుకుని గీసేవాడు. నాకు అంతకన్నా నచ్చే సంగతి వేరే ఉంది. చేతులు ఇంకా కాస్త మాట వింటున్న రోజుల్లో, పొద్దున్నే పనిలోకి దిగేముందు, ఆయన మూడు బంతుల్ని ఎగరేసి పట్టుకునే ఆట ఆడేవాడు. అది చేతకాకుండా పోయాక చిన్న కట్టెముక్కను ఎగరేసేవాడు. బెంగాల్ వచ్చి ‘ది రివర్’ సినిమా తీసిన జా రెన్వార్ ఈయన కొడుకే. తండ్రి గురించి రాసిన పుస్తకంలో ఈ ఆటల ముచ్చట్లు చెప్పాడు.

మన ఇళ్లలో కీళ్లవాతం ఉన్నవాళ్లకు బంతుల బదులు ఒక కాగితం ఉంటుంది. ఫిజియోథెరపీ గదిలో ఇచ్చింది, దానిమీద చేతుల బొమ్మలు. వారం తిరిగేసరికి అది ఎక్స్‌రే కవర్లోకి వెళ్లిపోతుంది. ఏమ్మా, చేస్తున్నావా అంటే, “పొద్దుట్నుంచి చేతులతోనే కదా చాకిరీ, మళ్లీ ఇదేం ఎక్సర్‌సైజు?” అంటారు. అది బద్ధకం మాట కాదు. అడగాల్సిన ప్రశ్నే. అంట్లు తోమినా, బట్టలు పిండినా, చపాతీపిండి పిసికినా చెయ్యి ఎక్కువగా చేసేది బిగించడమే. వేళ్లు పూర్తిగా చాపడం, ఒకదాన్నుంచి ఒకటి ఎడం చెయ్యడం, బొటనవేలిని చిటికెనవేలి మొదలుదాకా తీసుకెళ్లడం ఇంటిపనిలో పెద్దగా రావు. రుమటాయిడ్ రకం కీళ్లవాతంలో వేళ్లు మెల్లమెల్లగా చిటికెనవేలి వైపు ఒరిగిపోతాయి. అందుకే అరచేతిని బల్లమీద బోర్లా పెట్టి, వేళ్లను ఒక్కొక్కటిగా బొటనవేలి వైపు నడిపించమంటారు. ఎన్ని పచ్చళ్లు నూరినా ఈ కదలిక రాదు. బంధువులు ప్రేమగా కొనిచ్చే స్మైలీ బంతిదీ అదే తంతు, మళ్లీ బిగించడమే.

చేతి వ్యాయామం పనిచేస్తుందా అన్న సందేహానికి బ్రిటన్‌లో జవాబు దొరికింది. అక్కడి 17 ఆస్పత్రుల్లో 490 మంది రుమటాయిడ్ రోగులతో ‘సారా’ పేరిట చేసిన పరిశీలన 2015లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. మందుల్లో కొంతకాలంగా మార్పు లేనివాళ్లనే తీసుకున్నారు (మందు మానేసి వ్యాయామం చెయ్యమని దీన్నిబట్టి ఎవరైనా చెబితే నమ్మకండి). వాళ్లలో కొందరితో 12 వారాల్లో ఆరుసార్లు థెరపిస్టు దగ్గర, మిగతా రోజుల్లో ఇంట్లో వ్యాయామం చేయించారు. ఏడాది గడిచాక, మామూలు చికిత్స తీసుకున్నవాళ్లకన్నా వీళ్ల చేతులు పనికి బాగా వచ్చాయి. కానీ రెండేళ్లు దాటాక మళ్లీ చూస్తే ఆ తేడా చాలావరకు చెరిగిపోయింది. చాలామంది వ్యాయామం తగ్గించేశారు. శ్రద్ధగా మొదలుపెట్టిన వాళ్లే, డైరీ రాసుకున్న వాళ్లే, రెండేళ్లకు చల్లబడ్డారు. కాబట్టి కొత్త కసరత్తులు కనిపెట్టక్కర్లేదు. పాతవాటినే రేపు కూడా చెయ్యాలనిపించేలా చెయ్యాలి. ఆ పని కాగితం చెయ్యలేదు, ఆట చేస్తుంది.

పరికరాలకు కొదవ లేదు. 2013లో వచ్చిన లీప్ మోషన్ అనే చిన్న పెట్టె, చేతికి ఏమీ తొడగకుండానే వేళ్ల కదలికను పసిగట్టేది. వాచిన వేళ్లకు గ్లవ్ తొడగడమే ఒక శిక్ష గనుక అది చిన్న మేలేం కాదు. ఇప్పుడు ఆ పెట్టె కూడా అక్కర్లేదు. 2019లో గూగుల్ బయటపెట్టిన మీడియాపైప్ మామూలు ఫోన్ కెమెరాతోనే చేతిలో 21 బిందువుల్ని గుర్తుపడుతుంది. ఫోన్‌ను చెంబుకు ఆనించి దాని ముందు వేళ్లు చాపితే తెరమీద పువ్వు విచ్చుకోవాలి, బొటనవేలు చిటికెనవేలిని తాకితే తుమ్మెద వాలాలి. ఇది రాయడానికి మన కుర్రాళ్లకు ఎంతసేపు?

ఇబ్బందంతా ఆటల బుద్ధిలో ఉంది. ఇంకా త్వరగా, ఇంకా గట్టిగా, ఇంకో లెవెల్ అంటాయవి. కీలుకు ఆ భాష పడదు. వేళ్ల కొసలతో కిలో బలం పెట్టి ఏదైనా నొక్కితే బొటనవేలి మొదట్లో కీలు మీద పడే ఒత్తిడి పన్నెండు కిలోల దాకా ఉంటుందని కూనీ, చావ్ 1977లోనే లెక్కకట్టారు. ఫోన్‌ను గట్టిగా పట్టుకుని బొటనవేళ్లతో టపటపలాడించే ఆట ఆ కీలు అరిగినవాళ్లకు వైద్యం కాదు, హింస. కెమెరాకు వేలు ఎంత వంగిందో తెలుస్తుంది గానీ ఎంత నొప్పెట్టిందో తెలియదు. కాబట్టి ఆట మొదలయ్యే ముందే, డాక్టరు అడిగినట్టు, “పొద్దున వేళ్లు ఎంతసేపు బిగుసుకున్నాయి?” అని అడగాలి. వాపు, వేడి ఉన్న రోజున తేలికైనవి రెండు మూడు చేయించి, పాయింట్లన్నీ ఇచ్చి, ఇవాళ్టికి చాలని పంపించెయ్యాలి. ఆడేవాళ్లను తెరకు కట్టిపడేసి డబ్బు చేసుకునే కంపెనీలు ఇలాంటి ఆట తయారుచేస్తాయని నాకు ఆశ లేదు.

ఆ ఆశ ఉంటే గింటే ఇంజనీరింగ్ కాలేజీల మీదే. అమీర్‌పేటలో ఫైనలియర్ ప్రాజెక్టు కొనుక్కునే బదులు, ఆ పిల్లలు ఓ వారం ప్రభుత్వాస్పత్రి ఫిజియోథెరపీ గదిలో కూర్చోవాలి. ఏ వేలు ఎటు పోతోందో, ఎవరికి ఏ కదలిక కూడదో అక్కడివాళ్లు చెబుతారు. ఒక్క విన్నపం. మన పాత ఆటే కదా అని వామనగుంటల్ని తీసుకెళ్లి ఫోన్ తెరమీద పెట్టకండి. గుప్పెట్లో చింతపిక్కలు దాచుకుని, ఒక్కోదాన్నే వేలికొసకు తెచ్చి గుంటలో జారవిడవడంలోనే ఉంది అందులో వేళ్లకు దొరికే పని. తెరమీద తాకితే గింజ దానంతటదే కదులుతుంది, వేలికి చేసేదేమీ మిగలదు. పద్నాలుగు గుంటల చెక్క ఎక్కడైనా దొరుకుతుంది. లేకపోతే గుడ్ల ట్రేతో కూడా ఆట నడుస్తుంది.