కుందేలు మరణము – ప్రారబ్ధము అను మాట



పటాన్‌చెరు ప్రాంతమున నివసించు ఒక సాధకురాలు ఇటీవల ఒక ప్రశ్న పంపిరి. వారి ఇంట రెండు సంవత్సరములుగా పెరిగిన తెల్ల కుందేలును ఒక రాత్రి పిల్లి కరచినది. తొడపై పడిన గాయము చిన్నది. దట్టమైన బొచ్చు దానిని కప్పివేసినది. మూడవ దినమున కుందేలు మేత మానినది. కాటు పడిన చోట గట్టిగా వాచినది. పశువైద్యుని వద్దకు చేర్చునప్పటికే గాయములోని దోషము రక్తమున వ్యాపించెను. ఐదవ దినము ఉదయమున ప్రాణము పోయినది. కాటు పడిన ఆ సాయంకాలము బోనునకు గడియ వేయవలసినవాడు ఆమె తొమ్మిదేండ్ల కుమారుడు.

పరామర్శకు వచ్చిన పెద్దలు మూడు మాటలు చెప్పిరట. "అది దాని ప్రారబ్ధము, ఏడ్చుట అజ్ఞానము" అని ఒకరు. "జంతువుపై మమకారము పెంచుకొన్నచో జడభరతుని గతి పట్టును" అని మరియొకరు. "గడియ వేయని పాపము పిల్లవానికి చుట్టుకొనును, శాంతి చేయించు" మని వేరొకరు. ఈ మూడును శాస్త్రసమ్మతములేనా అని ఆ తల్లి అడుగుచున్నారు. పిల్లవాడు సరిగా అన్నము తినుట లేదని కూడ వ్రాసిరి.

ఈ మూడు మాటలలోను శాస్త్రపదములున్నవి గాని, మూడింటిని ప్రయోగించిన తీరు శాస్త్రమునకు విరుద్ధమని నా అభిప్రాయము. పసివాడు అన్నము తినుట లేదు గనుక చివరి మాటనే ముందుగా విచారింతము.

మహాభారతము ఆదిపర్వమున అణిమాండవ్యుని వృత్తాంతము కలదు. చేయని దొంగతనమునకు శూలమెక్కిన ఆ మహర్షి ధర్మదేవతను సమీపించి, ఏ దోషమునకు తనకీ దండనము కలిగినదని ప్రశ్నించెను. బాల్యమున నీవు కీటకముల తోకలలో గడ్డిపుల్లలు గ్రుచ్చితివి, దాని ఫలమిది అని ధర్ముడు చెప్పెను. మాండవ్యుడు తలవంచి ఊరకుండలేదు. అల్పదోషమునకు ఇంత దండనమా అని నిలదీసి, ధర్మునే మనుష్యుడవై జన్మింపుమని శపించెను. విదురుని జన్మకు కారణమిదియే. అంతటితో ఆగక, పదునాలుగు సంవత్సరముల వయస్సు వరకు బాలురు చేసినది పాతకముగా లెక్కింపబడదని ఒక మర్యాదను కూడ స్థాపించెను.

ఇందు గమనింపవలసినది ఒకటి కలదు. బాలమాండవ్యుడు బుద్ధిపూర్వకముగనే కీటకములను హింసించెను. అయినను ఆ వయస్సు వానికి పాతకము లేదని ఇతిహాసము తీర్పు చెప్పినది. మన బాలుడు హింసింపలేదు, మరచినాడు. హింసాసంకల్పమే లేనిచోట పాపమును ఎవరు, ఏ అధికారముతో అంటగట్టుచున్నారు? "నాయనా, నీ వలన ఏ పాపమును జరుగలేదు; నీవు దానిని ప్రేమించితివి" అని తండ్రియో తాతయో ఆ బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొని చెప్పవలెను. ఇకమీదట గడియ వేయుట నేర్పవచ్చును, అది శిక్షణ. పాపివని చెప్పుట హింస. శాంతి జరుగవలెనన్నచో, అన్నవారు ఆ మాటను వెనుకకు తీసికొనుటయే దానికి తగిన శాంతి.

ఇక మొదటి మాట, ప్రారబ్ధము. కర్మసిద్ధాంతమును నేను శిరసావహింతును. కాని దానిని ఎవరిపై ప్రయోగించుచున్నామనునది ముఖ్యము. మాండవ్యుని కథలో సాక్షాత్తు ధర్మదేవత వేసిన లెక్కయే ప్రశ్నకు గురియైనది. అట్టిచో పొరుగింటివారు ఒక కుందేలు పూర్వజన్మ లెక్క ఎట్లు చూడగలరు? తనకు వచ్చిన కష్టమును ప్రారబ్ధమని స్వీకరించుట తితిక్ష. ఎదుటిప్రాణికి వచ్చిన కష్టమును ప్రారబ్ధమని ప్రక్కకు నెట్టుట కాఠిన్యము. పదము ఒక్కటియే, ఫలము వేరు.

పైగా మన పెద్దలు పశుపక్ష్యాదులను భోగయోనులనిరి, మానవుని కర్మయోని అనిరి. కుందేలు బోనును ఎన్నుకొనలేదు, యజమానిని ఎన్నుకొనలేదు, వైద్యుని పిలువజాలదు. ఎన్నుకొనగల శక్తి మనుష్యునికే ఉన్నది. కాబట్టి ఆ ప్రాణి విషయమున "కర్మ" అను మాటకు అర్థము చెప్పవలసి వచ్చినచో, మన ముందున్న కర్తవ్యము అనియే చెప్పవలెను. గీతలో భగవానుడు శోకింపవలదని అర్జునునకు చెప్పిన మాట నిజమే. ఆ మాట కర్తవ్యమును విడిచి కూలబడిన వానిని తిరిగి కర్తవ్యమున నిలుపుటకు పుట్టినది. దానిని చేతులు ముడుచుకొని కూర్చుండుటకు సమర్థనగా వాడుకొనరాదు. అదే గీత పదునారవ అధ్యాయమున దైవీసంపదను లెక్కించునప్పుడు అభయముతో ఆరంభించి, భూతదయను కూడ చేర్చినది. చిన్న అలికిడికే గుండె అదరు కుందేలునకు ఒక ఇంట అభయము లభించినదన్నచో, ఆ ఇల్లు రెండు సంవత్సరములు ఒక సాధన చేసినదనియే నేను భావింతును.

రెండవ మాట జడభరతునిది. ఇది తరచుగా వినబడు మాట గనుక కొంత విస్తరించి చెప్పవలెను. భాగవత పంచమస్కంధమున (తెనుగున దీనిని గంగన రచించెను) భరతుడు రాజ్యమును త్యజించి గండకీతీరమున తపస్సు చేయుచుండగా, సింహగర్జనకు బెదరిన నిండుచూలాలైన లేడి ఏరు దాటబోయి ప్రసవించి మరణించినది. ప్రవాహమున కొట్టుకొనిపోవుచున్న ఆ పిల్లను భరతుడు రక్షించెను. క్రమముగా మనస్సంతయు దానియందే లగ్నమై, నిత్యానుష్ఠానము జారిపోయి, అంత్యకాలమున దానినే స్మరించి లేడిగా పుట్టెను.

ఇచట పతనహేతువు ఏది? నీటిలో కొట్టుకొనిపోవు పిల్లను ఎత్తుట దోషమని భాగవతము చెప్పలేదు. ఎత్తకున్నచో అది ఎట్టి తపస్సు? ఈశ్వరుని మరపించునంతగా పెరిగిన "నాది" అను భావమే దోషమైనది. కథను సగమున ఆపి చెప్పువారు దాని ఉత్తరభాగమును మరతురు. మరుజన్మమున ఆయన బ్రాహ్మణకుమారుడై, జ్ఞానియై, జడునివలె సంచరించుచుండగా, రహూగణ మహారాజు సేవకులు ఆయనను పట్టి పల్లకి మోయించిరి. పల్లకి కుదుపులకు లోనైనది. ఏల? పాదముల క్రింద ఏ ప్రాణియు నలుగకుండ నేలను చూచుచు ఆయన నడుచుచున్నాడు. తక్కినవారితో అడుగు కలియలేదు. రాజు కోపించెను, ఆ పిమ్మట బ్రహ్మోపదేశము పొందెను.

లేడి కారణముగా ఒక జన్మము కోల్పోయినవాడు, జ్ఞానియైన తరువాత ప్రాణులకు దూరముగా తొలగిపోలేదు. చీమకొరకు సైతము తన అడుగును మార్చుకొనెను. మమకారము పోయినది, దయ మిగిలినది. ఇదియే జడభరతోపాఖ్యానము మనకు నేర్పునది. దానిని ఏడ్చుచున్న బిడ్డను బెదరించుటకు వాడుట ఆ మహాత్మునికి అపచారము.

ఆధునికకాలమున దీనికి నిదర్శనము అరుణాచలమున కలదు. శ్రీ రమణాశ్రమమున లక్ష్మి అను గోవునకు, వల్లి అను లేడికి, ఒక శునకమునకు, ఒక కాకికి సమాధులు నేటికిని ఉన్నవి. వల్లి మేతకు వెలుపలికి పోయి గాయపడి మరణించినప్పుడు భగవాన్ రమణమహర్షి చివరివరకు దాని చెంతనే కూర్చుండిరని ఆశ్రమవృత్తాంతములు చెప్పుచున్నవి. 1948 జూన్ 18న లక్ష్మి దేహము విడిచిన ఘట్టమును సూరి నాగమ్మ గారు తమ తెలుగు లేఖలలో వర్ణించిరి. "నేను దేహమును కాను" అను సత్యమున నిలిచిన ఆ మహర్షి, మరణించుచున్న పశువు శిరస్సుపై చేయి ఉంచిరి. "దేహమే కదా, పోనిమ్ము" అని లేచి పోలేదు. అద్వైతము దయను ఎండగట్టునని తలచువారు దీనిని యోచింపవలెను.

ఇంతవరకు శాస్త్రవిచారము. ఇక వ్యవహారము. భూతదయ అను మాట ఆ ప్రాణి శరీరధర్మమును తెలిసికొన్నప్పుడే సార్థకమగును. కుందేలు వేటకు గురియగు జాతి. బలహీనతను చూపినది అడవిలో బ్రతుకదు. కాబట్టి నొప్పిని దాచుట దాని స్వభావము. అరవదు, మూలకు ఒదిగి ముడుచుకొని కూర్చుండును, పండ్లు నూరును, మేత తగ్గును, పెంటికలు చిన్నవై తగ్గిపోవును. అది ఒక పూట మేత ముట్టకున్నచో మరునాటి వరకు వేచియుండరాదు. పిల్లి కోర చేసిన గాయము పైకి సూదిమొన వలె ఉండును, లోపల లోతుగా దిగును; పిల్లి నోట పాశ్చురెల్లా అను సూక్ష్మజీవి సామాన్యముగా నివసించును. కుందేలు చీము పలుచగా కారిపోదు. జున్నువలె గట్టిపడి తిత్తి కట్టును. పైపూతలతో అది పోదు, తరచుగా శస్త్రచికిత్స అవసరమగును. కాటు పడినదని తెలిసిన దినమే బొచ్చు విడదీసి చూచి, వైద్యునికి చూపవలెను.

ఇంట మిగిలిన మనుష్యుల మాత్రలను నూరి పోయుట మరియొక ప్రమాదము. కుందేలు జీర్ణక్రియ దాని ప్రేగులలోని సూక్ష్మజీవులపై ఆధారపడియున్నది. నోటిద్వారా ఇచ్చు అమాక్సిసిలిన్, క్లిండమైసిన్ వంటి మందులు మేలు చేయు ఆ జీవులను నశింపజేసి, విషము పుట్టించు వానిని పెంచి, ప్రాణమునే తీయగలవు. మనకు అమృతమైనది దానికి విషము. కుందేళ్ళ వ్రణదోషములకు పశువైద్యులు తరచుగా వాడు మందులలో ఒకటి ఎన్రోఫ్లాక్సాసిన్. ఇది సిప్రోఫ్లాక్సాసిన్ కుటుంబమునకు చెందినది. శరీరమున కొంతభాగము సిప్రోఫ్లాక్సాసిన్‌గనే మారును.

ఈ ఔషధము పేరు పటాన్‌చెరువాసులకు మరియొక విధముగా సంబంధించినది. 2007లో స్వీడన్ దేశపు లార్సన్ బృందము ఒక పరిశోధనను ప్రకటించెను. సుమారు 90 ఔషధ పరిశ్రమల వ్యర్థజలమును స్వీకరించు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధికేంద్రము నుండి వెలువడిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు కనబడెను. చికిత్స పొందుచున్న రోగి రక్తములో ఉండు పరిమాణము కంటె అది అధికము. అదే నీటిలో ఎన్రోఫ్లాక్సాసిన్ కూడ ఉండెను. ఆ నీరు ఆనాడు ఇసుకవాగు, నక్కవాగుల మీదుగా మంజీరలో, మంజీర ద్వారా గోదావరిలో కలియుచుండెను. 2011లో ప్రకటితమైన మరియొక పరిశోధన ఇసుకవాగు అడుగుమట్టిలో ఔషధములకు లొంగని శక్తినిచ్చు జన్యువులు అత్యధికముగా ఉన్నవని చూపినది.

ఆ కుందేలు మరణమునకు ఇదే కారణమని నేను చెప్పుట లేదు. అట్లు చెప్పుట న్యాయము కాదు. ఆలస్యమే ఒక చిన్న ప్రాణి మరణమునకు చాలును. కాని ఏ మందు గాయపడిన ప్రాణిని రక్షింపవలెనో, ఆ మందే వాగులో పారి, సూక్ష్మజీవులకు దానిని జయించుట నేర్పిన భూమిలో మనము నివసించుచున్నాము. నేడు కుందేలు, రేపు బాలింత, ఎల్లుండి వృద్ధుడైన తండ్రి. కర్మ అను పదమును పలుకవలసిన చోటు ఇది. ఇచట కర్త ఎవరో తెలియును, ఫలము ఎవరికి చేరునో తెలియును, మార్చుటకు అవకాశమును ఉన్నది. కుందేలు పూర్వజన్మను గూర్చి ధారాళముగా మాటలాడు మనము, మన ఈ జన్మపు వాగును గూర్చి మౌనము వహింతుము.

పరిశ్రమలను నిందించుట నా ఉద్దేశము కాదు. ఈ పాఠకులలో అనేకులకు అన్నము పెట్టునవి అవే. అచట తయారగు ఔషధములు దేశదేశముల రోగులను బ్రతికించుచున్నవి. కాని తీసికొన్నదానికి ప్రతిగా ఏమియు ఇవ్వక అనుభవించువానిని గీత తృతీయాధ్యాయము దొంగ అనినది. నీటిని తీసికొని విషమును తిరిగి ఇచ్చుట యజ్ఞచక్రమును త్రెంచుటయే. ఈ ప్రాంతపు కాలుష్యవివాదము 1990లోనే సర్వోన్నత న్యాయస్థానమునకు చేరినది. పటాన్‌చెరులోనే వైద్యవృత్తి చేసిన డాక్టర్ కిషన్ రావు గారు దశాబ్దములపాటు ఈ జలముల కొరకు పోరాడిరి. తన వద్దకు వచ్చిన రోగుల బాధను వారి ప్రారబ్ధమని విడువక, దాని మూలమును వెదకుచు వాగు వరకు నడచిన ఆయన మార్గమును నేను కర్మయోగమనియే అందును.

మనము చేయదగినవి చిన్నవియే, చేయక మానుటకు వీలులేనివియును. వైద్యుడు వ్రాయని యాంటీబయోటిక్‌ను మనుష్యునికి గాని పశువునకు గాని వాడరాదు. వ్రాసినదానిని చెప్పినట్లు వాడవలెను. మిగిలిన మాత్రలను కాలువలో పారవేయరాదు. పరిశ్రమలో పనిచేయు భక్తుడు తన విభాగమున శుద్ధిప్రక్రియ సక్రమముగా జరుగుట కూడ తన నిత్యానుష్ఠానమున భాగమని తలచవలెను. వాగులో వ్యర్థము కలియుట చూచినవాడు కాలుష్య నియంత్రణ మండలికి తెలుపవలెను. పుష్కరస్నానమునకు పోవు గోదావరిలో చేరునది ఈ వాగు నీరేయని గుర్తుంచుకొన్నచో, ఈ పనులు రాజకీయముగా తోచవు, తీర్థసేవగా తోచును.

దుఃఖమును తొందరపడి అణచవలసిన పని లేదు. అది కొన్నాళ్ళు ఉండును, ఉండనిండు. దానిని బెదరింపుతో చల్లార్చక, మరియొక ప్రాణి గాయమును సకాలమున చూచు కన్నుగా మార్చుకొనుడు.

స్వస్తి.