చిత్రములోని పైచేయి

శంషాబాదు విమానాశ్రయము 2008 మార్చి నెలలో ప్రయాణికులకు తెరువబడినది. అంతవరకు బేగంపేటకు పోయి విమానమెక్కిన హైదరాబాదువారికి నాటినుండి అదియే ఆకాశద్వారము. లోకమందలి పెద్ద విమానాశ్రయములన్నిటివలెనే అచ్చటను ప్రయాణికుని ముందుగా పలుకరించునవి ప్రకటన చిత్రములు. అత్తరులు, గడియారములు, చేతిసంచులు, పాదరక్షలు అమ్ముటకై తీయబడు ఇట్టి ఛాయాచిత్రములలో దేశదేశములందును ఒక భంగిమ పదేపదే కానవచ్చుచున్నది. స్త్రీ ఎత్తైన ఆసనముపై కూర్చుండును. లేదా నిటారుగా నిలిచి క్రిందికి చూచును. ఒంటికంటిన నల్లని తోలు దుస్తులు, మోకాళ్ళవరకు బూట్లు, సూదివంటి మడమలు. ఒకప్పుడు చేతిలో గుఱ్ఱపు కొరడా. పురుషుడున్నచో ఆమె పాదముల చెంతనో, వెనుక నీడలోనో ఉండును. ఆమె ముఖమున నవ్వు లేదు, వేడికోలు లేదు. ఆజ్ఞాపించుటకే పుట్టినట్టి చూపు.

విహారయాత్రకు పిల్లలను వెంటబెట్టుకొని వచ్చిన ఉపాధ్యాయుడు అట్టి చిత్రము ఎదురైనప్పుడు రెండు మార్గములలో ఒకటి త్రొక్కును. పిల్లలను తొందరపెట్టి దాటించును. లేదా కాలము చెడిపోయినదని నిట్టూర్చును. రెండును చదువు చెప్పుట కాదు. పిల్లవాడు చూచిన చిత్రమును గురువు చూడనట్లు నటించినచో, దానికి అర్థము చెప్పు పని వర్తకునికే మిగిలిపోవును. ఆ చిత్రమే చేతిలోని టెలిఫోనులో దినమునకు పదిమారులు ప్రత్యక్షమగు ఈ కాలమున, నిట్టూర్పు ఏ పిల్లకును రక్ష కాజాలదు. పెద్దలైనవారు పరస్పర సమ్మతితో తమ అంతరంగ జీవితమున ఏమి కోరుదురను విచారణ ఇచ్చట అప్రస్తుతము. వీథిలో నిలిచిన చిత్రము అందరిదియు గనుక దానిని చదువవలసియున్నది. చదువునపుడు అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: ఆ చిత్రములో ఏలుచున్నది నిజముగా ఆ స్త్రీయేనా?

స్త్రీ పాదము చెంత పురుషుడు వంగిన దృశ్యము తెలుగువారికి క్రొత్తది కాదు. శ్రీకృష్ణదేవరాయల ఆస్థానకవి నంది తిమ్మన పారిజాతాపహరణ కావ్యమున సత్యభామ ఎడమపాదముతో కృష్ణుని శిరస్సును తన్నినది. జగన్నాథుడు కినుక వహింపలేదు సరికదా, ఆ కోమలపాదమునకు నొప్పి కలిగెనేమోయని చింతించెను. నాలుగైదు శతాబ్దులుగా తెలుగు విద్యార్థులు ఈ ఘట్టమును చదువుచునే యున్నారు. పండితులు బోధించుచునే యున్నారు. ఎవ్వరును సిగ్గుపడలేదు. కారణమేమి? ఆ పాదమునకు ముందు ఒక కథ కలదు. నారదుడు తెచ్చిన పువ్వు రుక్మిణికి దక్కినది, సత్య మనసు గాయపడినది, కోపగృహము చేరినది. తన్నిన పిదప ఆమె నిలదీసినది, కన్నీరు పెట్టినది. అభిమానము గల ఒక మనిషి ఆ పద్యములలో సంపూర్ణముగా నున్నది. 1966లో వచ్చిన శ్రీకృష్ణ తులాభారము చలనచిత్రమున జమున ధరించిన సత్యభామ పాత్ర నేటికిని జనుల నాలుకలపై నుండుటకు కారణమును అదియే. భర్తను దానమిచ్చిన ఆ గర్వము త్రాసులో తూగలేక, తులసిదళము ముందు తలవంచవలసి వచ్చినది. గర్వమునకు కారణము కలదు, ఫలము కలదు, నడుమ మాట కలదు.

ఐనను ఇచ్చటను ఒక మెలిక యున్నది. సత్యభామ పాదమును కదలించినది పురుషుడైన కవి కలము. కూచిపూడి భామాకలాపమున తెరపై జడవేసి సవాలు చేయు సత్యభామను తరతరములుగా అభినయించినవారును పురుషులే. వేదాంతం సత్యనారాయణశర్మ ఆ వేషము కట్టినపుడు స్త్రీలే భ్రమపడిరని ప్రసిద్ధి. కృష్ణుడు వంగినది తన ఇష్టముచేత. వంగినను ఆయన దేవుడే. కావున స్త్రీ ఆధిపత్యపు బొమ్మను పురుషుడు తయారుచేసి తానే ముచ్చటపడుట పడమటి వారి సొత్తని చెప్పి తప్పించుకొనుటకు వీలులేదు.

పడమట ఈ బొమ్మకు ఆధునికరూపము ఏర్పడిన చరిత్ర తెలిసికొనదగినది. ఆస్ట్రియా దేశపు రచయిత జాహర్-మాజోక్ 1869లో ఫానీ పిస్టర్ అను స్త్రీతో ఒక ఒడంబడిక వ్రాసికొనెను. ఆరు మాసములు తాను ఆమెకు దాసుడు. ఆమె ఆజ్ఞాపించునపుడు ఉన్నిబొచ్చు దుస్తులు ధరింపవలెను. ఆ అనుభవమునుండి 1870లో ఆతని ప్రసిద్ధ నవల వెలువడినది. బాధను, అవమానమును కోరు చిత్తవృత్తికి వైద్యులు తరువాత ఆతని పేరనే నామకరణము చేసిరి. ఆ ఇరువురి ఛాయాచిత్రమొకటి నిలిచియున్నది: ఆమె ఆసీనురాలై చేత కొరడా పట్టినది, ఆతడు పాదముల చెంత నున్నాడు. నేటి ప్రకటనలకు మాతృక అనదగిన చిత్రమది. చూచువానికి ఆమె రాణి. కాని ఒడంబడిక కోరినవాడు ఎవరు? ఆమె ఏ దుస్తులు ధరింపవలెనో నిర్ణయించినవాడు ఎవరు? ఆజ్ఞాపించుమని ఆజ్ఞాపించినవాడు ఆతడే.

ఈ భంగిమను ఫ్యాషను పత్రికల నడివీథికి తెచ్చినవారిలో అగ్రగణ్యుడు హెల్ముట్ న్యూటన్. 1920లో బెర్లినులో యూదుల ఇంట జన్మించి, యీవా అను పేర ప్రఖ్యాతురాలైన స్త్రీయొద్ద ఛాయాగ్రహణము నేర్చెను. 1938లో నాజీల పీడ తాళలేక ఆతడు దేశము విడిచెను. విడువని ఆ గురువును 1942లో నాజీలు పట్టుకొనిపోగా ఆమె మరల రాలేదు. పారిసు చేరిన న్యూటన్ 1970 దశకములో తీసిన చిత్రములలో స్త్రీలు ఎత్తరులు, బలిష్ఠలు, నిర్భయలు. 1975లో తీసిన ఒక చిత్రమున, రాత్రివేళ పారిసు సందులో, పురుషుల విందుదుస్తులు ధరించిన స్త్రీ సిగరెట్టుతో ఒంటరిగా నిలిచియుండును. ఆ దుస్తులను 1966లో స్త్రీలకై కల్పించినవాడు ఈవ్ సాఁ లోరాఁ. ఆ స్త్రీ ఎవరికొరకును వేచియున్నట్లు తోచదు. ఆ సందు తనదే యన్నట్లు నిలిచినది. అది గొప్ప చిత్రమని ఒప్పుకొనక తప్పదు.

ఐతే మరుసటి సంవత్సరము, 1976లో, అదే కెమెరా ఇంకొక చిత్రమును తీసినది. అందు ఒక స్త్రీ వీపుపై గుఱ్ఱపు జీను కట్టబడియున్నది. కొరడా చేతికిచ్చిన హస్తమే జీను వీపున కట్టినది. 1979లో ఫ్రెంచి టెలివిజను సభలో అమెరికను రచయిత్రి సూజన్ సొంటాగ్ న్యూటన్ ఎదుటనే, ఆతని చిత్రములు స్త్రీద్వేషముతో కూడినవని విమర్శించినది. తనకు స్త్రీలన్న ప్రీతియని ఆతడు బదులు చెప్పగా, స్త్రీద్వేషులు పలువురు చెప్పుమాట అదియేయని ఆమె త్రోసిపుచ్చినది. మఱియొక పక్షమును వినవలెను. ఆతడు మరణించిన పదునారేండ్లకు, 2020లో వెలువడిన వార్తాచిత్రమున గ్రేస్ జోన్స్, షార్లట్ రాంప్లింగ్, ఇసబెల్లా రోస్సెలీని మొదలగు స్త్రీలు ఆతనిని గూర్చి మాటలాడిరి. ఆ కెమెరా ముందు నిలిచినపుడు తమకు బలము తోచినదని చెప్పినవారును కలరు. నిలిచినవారి మాటను కాదనుటకు చూచువారికి అధికారము లేదు. కావున ఇట్టి చిత్రములన్నియు స్త్రీకి విముక్తియనుట ఎంత తొందరపాటో, అన్నియు అవమానమనుటయు అంతే తొందరపాటు.

కెమెరా స్త్రీ చేతిలో నున్నచో అర్థము మారునా? జర్మనీ దేశపు ఎల్లెన్ ఫాన్ ఊన్‌వెర్ట్ మొదట కెమెరా ముందు నిలిచినది. తరువాత కెమెరా వెనుకకు పోయినది. 2003లో ఆమె ప్రకటించిన చిత్రకథ ఒక ప్రభువంశపు స్త్రీ ఏలుబడిలోని ఇంటిని గూర్చినది. అచ్చటను కొరడాలు కలవు, తోలు కలదు. కాని చూపు మరియొకటి, అందు ఎగతాళి పాలు హెచ్చు. ఇంతకంటె ఎంతో ముందుగా హైదరాబాదు ఈ ప్రశ్నను వేరొక విధమున ఎదుర్కొన్నది. ఆరవ నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకుడగు రాజా దీనదయాళు 1892లో ఘోషా స్త్రీలకై ప్రత్యేక చిత్రశాలను నెలకొల్పి దాని నిర్వహణమును ఒక ఆంగ్లవనితకు అప్పగించెను. పురుషుని కన్ను సోకని గదిలో స్త్రీ ఎట్లు కూర్చుండగోరునో అట్లే కూర్చుండవచ్చును. అచ్చట కొరడా అక్కరలేదు. ఎవరు చూడవలెనో ఎవరు చూడరాదో నిర్ణయమగుటయే అధికారము. ఐనను ఆ నిర్ణయము వెనుకను ఘోషా యను ఆచారమున్నదని మరువరాదు.

ఇక నిజముగా ఏలిన స్త్రీ చిత్రమును చూడవలెను. కాకతి రుద్రమదేవి పదుమూడవ శతాబ్దిలో సింహాసనమెక్కినపుడు రుద్రదేవ మహారాజను పురుషనామము వహించినది. పురుషవేషమున కొలువు తీర్చినది. పారిసు సందులోని స్త్రీవలెనే ఆమెకును పురుషుని దుస్తులు అవసరమైనవి. ఇచ్చటనే భేదము తెలియవచ్చును. రుద్రమకు దుస్తులు రాజ్యము కొరకు. ప్రకటనలోని స్త్రీకి రాజ్యము దుస్తుల అమ్మకము కొరకు. రుద్రమ ఏలుబడికి సాక్ష్యము ఏ భంగిమయు కాదు, శాసనములు. ఆమె మరణమును తెలుపు 1289 నాటి చందుపట్ల శాసనము నేటికిని నల్లగొండ సీమలో నిలిచియున్నది. ఏలిన స్త్రీ వెనుక దానములు, యుద్ధములు, లెక్కలు, తప్పొప్పులు మిగులును. ఏలినట్లు నటింపజేయబడిన స్త్రీ వెనుక సరకు ధర మిగులును.

ఈ విషయము దూరదేశపు పత్రికలకే పరిమితము కాలేదు. శంషాబాదు దాపున నర్కుడ గ్రామమందలి అమ్మపల్లి సీతారామాలయము ప్రాచీనమైనది. దాని గోపురమును, కోనేటి మెట్లును చలనచిత్రములవారికి ఇష్టమైన తావులు. పెండ్లికి ముందుగా ఛాయాచిత్రములు తీయించుకొను వధూవరులును అచ్చటికి వచ్చుచుందురు. ఇట్టి చిత్రములలో వధువు పైమెట్టున నిలుచుటయు, వరుడు క్రిందిమెట్టున మోకాలిపై వంగుటయు నేడు వాడుకగా మారినది. చూచుటకు ముచ్చటయే. కాని ఆ చిత్రమున పైమెట్టుననున్న వధువుకు పెండ్లి పిదప తన జీతమును తానే ఖర్చుపెట్టుకొను హక్కు ఉండునా? చదువు కొనసాగించుటకు ఎవరి అనుమతియైన అడుగవలసియుండునా? ఆ ఒక్క దినపు మోకాలిపాటు తరువాతి నలువది యేండ్లకు బదులు కాకూడదు.

పిల్లలకు ఇచ్చట రెండు ప్రమాదములు కలవు. బలమనగా బలముగా కనబడుటయేనని, ఆ కనబడుట అంగడిలో దొరకునని బాలిక నేర్చుకొనును. స్త్రీ ఆజ్ఞ అనగా ఒక వినోదము, వేషము విప్పగానే ముగియునది అని బాలుడు నేర్చుకొనును. ప్రధానోపాధ్యాయురాలు సంతకము చేసిన ఉత్తరువును పాటించుటకు నామోషీపడు పురుషుడే, కొరడా పట్టిన స్త్రీ చిత్రమును చూచి ముచ్చటపడుట లోకమున అరుదు కాదు. రెండును ఒకే పాఠమునుండి పుట్టినవి.

కావున చిత్రమును దాచుటకంటె చదువుట నేర్పుట మేలు. తరగతికి తగిన చిత్రములను ఉపాధ్యాయుడే ఎన్నుకొని ఎదుటనుంచి మూడు ప్రశ్నలు వేయవచ్చును. ఈ స్త్రీ ఇట్లు నిలువవలెనని ఎవరు నిర్ణయించిరి? ఆమె కోపమునకుగాని గర్వమునకుగాని చిత్రమున కారణమేదైన కలదా? దీపములార్పి దుస్తులు మార్చుకొనిన పిదప ఆమె అధికారములో ఎంత మిగులును? సత్యభామ పద్యములకును ఈ ప్రశ్నలే వేయవచ్చును. తెలుగు పాఠమును, చిత్రపఠనమును అప్పుడు ఒకటియగును.

ఆ పాఠమునకు శంషాబాదు విమానాశ్రయమే మంచి తరగతిగది. భారతదేశమున విమానచోదకులలో స్త్రీల పాలు లోకమందలి పెక్కుదేశముల కంటె అధికము. తోలుబూట్ల సుందరి వెలుగుచున్న ప్రకటన పలక క్రిందుగా, సాదా యూనిఫారము ధరించి, చిన్నపెట్టె లాగుకొనుచు ఒక స్త్రీ నడచిపోవుచుండును. కొద్దిసేపటికి నూటయేబది ప్రాణములు ఆమె మాటపై ఆధారపడియుండును. ఆమె ఎవరివంకను క్రిందుచూపు చూడదు. అందుకామెకు తీరిక లేదు. పిల్లలు తలలెత్తి పలకను చూచుచున్నపుడు, ఆ నడచిపోవుచున్న ఆమెను గురువు ఒకమారు చూపించును గాక.